మట్టెల కింద

నా బిడ్డకు పాలిచ్చేటప్పుడు నేను రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. బిడ్డను మా అత్త ఆగమ్మ పట్టుకునేది. రొమ్ముకు ఆనించేదీ ఆమే, పక్క మార్చేదీ ఆమే. పిల్ల కడుపు నిండగానే భుజాన వేసుకుని లోపలికి వెళ్లిపోయేది. ఠాణాలో దొంగను కూర్చోబెట్టినట్టు నేను అక్కడే మిగిలేదాన్ని. ఎవరి బిడ్డండీ అది? నేను మోసి, నేను కన్నదే కదా!

అంతకూ కారణం నా చేతులు. డెబ్బై నాలుగో, డెబ్బై ఐదో, ఆ ఏడు ముసురు పట్టిందంటే వదల్లేదు. చాంద్రాయణగుట్టలో రోడ్డు పక్కన మా ఇల్లు, ఇంటి వెనక బర్రెల కొట్టం. మా ఆయన పెంటయ్య, నేను, మా అత్త, మూడు నెలల మా పిల్ల మల్లి, ఇంతే మా సంసారం. శ్రావణంలో ఒక పొద్దున పాలు పిండుతుంటే వేళ్ల పక్కన చురచురలాడింది. చూస్తే సగ్గుబియ్యం గింజల్లా నీటి పొక్కులు. నాలుగు రోజుల్లో అరచేతులకు పాకాయి. దురదంటే అలాంటి ఇలాంటి దురద కాదు. గీరితే పొక్కు చిట్లి మంట, గీరకపోతే ప్రాణం పోయేంత తీట.

“గజ్జి లెక్కుందే సక్కూ,” అంది మా అత్త, నా చేతులను దూరం నుంచే చూసి. “పసిపోరికి అంటుకుంటే బతుకుతదా? మానేదాక పిల్లను ముట్టకు.”

“ముట్టకుంటె పాలెట్లియ్యాలె అత్తా?”

“నేను పట్టుకుంట. నీ చేతులు మాత్రం ముంగటికి రావద్దు.”

మా అత్త చెడ్డది కాదు. ఈ మాట అనడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు గానీ, నిజం నిజమే. పిల్లకు నీళ్లు పోయడం, పొగ వేయడం, ఏడిస్తే రాత్రంతా ఒళ్లో వేసుకుని ఊగడం, అన్నీ ఆమే చేసింది. ఒక్కపూట విసుక్కోలేదు. ఆ మంచితనం చూస్తేనే నాకు ఒళ్లు మండేది. తిట్టడానికి కూడా సందు ఇవ్వని మనిషితో ఎట్లా కొట్లాడేది?

మందుల సంగతి చెప్పనక్కర్లేదు. వేపాకు నూరి ఇచ్చింది, గంధకం నూనెలో కలిపి ఇచ్చింది, ఎవరో చెప్పారని మైలుతుత్తం కూడా తెచ్చి పూసుకోమంది. మైలుతుత్తం పూసుకున్న రోజు కొట్టంలో ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తాను. మా ఆయన గుంజ పట్టుకుని నిలబడి చూస్తున్నాడు. “ఏంది చూస్తున్నవ్, తమాషానా?” అని అరిచాను. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు!

ఇక అసలు తెలివితక్కువ పని చెబుతాను వినండి. మా పాలన్నీ పక్క బస్తీ బార్కస్‌కు పోతాయి. పొక్కుల చేతులతో పిండుతున్నానని అక్కడ తెలిస్తే ఒక్క ఇంటివాళ్లు కూడా పోయించుకోరు. అందుకని పిండే పని మా ఆయన తీసుకున్నాడు. నేను కూర్చుని తినే ఇల్లా అది? చేతులు పనికిరావు గనక కాళ్లతో చేసే పని నాకిచ్చారు. కొట్టం కడగడం. ఒట్టి కాళ్లతో పెండ ఒక పక్కకు నెట్టాలి, నీళ్లు కొట్టాలి, ఉచ్చ, బురద కలిసిన ఆ నీళ్లలో నిలబడి మళ్లీ నెట్టాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ముసురు మొదలైనప్పటి నుంచే ఒరిసి ఉన్న కాలి వేళ్ల సందులు ఇప్పుడు తెల్లగా పాసిపోయాయి. వానాకాలంలో కొట్టం మనుషుల కాళ్లు ఎవరివైనా అంతే, దాన్ని ఎవరం రోగమనుకోలేదు. ఆ పని మొదలుపెట్టాక చేతులు ఇంకా పాడయ్యాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

చివరికి మా ఆయనే ఒక మాట తెచ్చాడు. బార్కస్‌లో మా పాలు పోయించుకునే ఇళ్లలో ఒక డాక్టరమ్మ ఉంది. ఇంటి ముందు గదిలోనే రోగులను చూస్తుంది. “నా చేతులతోని ఆమెకు గిట్ల గిట్ల అని చూపిచ్చి చెప్పిన. తోల్కరమ్మన్నది,” అన్నాడు. సైకిల్ వెనక కూర్చుని పోయాను. కాళ్లకు కొట్టం వాసన ఉంటుందని సిగ్గేసి, బల్ల మీద కూర్చోగానే చీర కుచ్చిళ్లు పాదాల మీదకు లాక్కున్నాను.

డాక్టరమ్మ నా చేతులు అటూ ఇటూ తిప్పి చూసింది. వెనక్కి తీసుకోలేదు, ముక్కు మూసుకోలేదు. అన్ని రోజుల తర్వాత నా చేతిని ఇంకో మనిషి పట్టుకోవడం అదే. పక్కనున్న చిన్న కత్తితో మెల్లగా గీకి, ఆ పొట్టును గాజుపలక మీద వేసి, గొట్టం లాంటి యంత్రంలో చూసింది. “ఏం పని చేస్తవ్?” అని అడిగింది. కొట్టం కడుగుతానన్నాను.

“హాతాఁ దేఖ్ లియే. అబ్ పావాఁ దిఖావ్ మా,” అంది. కాళ్లు చూపించమంటోంది. నేను కదల్లేదు. ఆమే వంగి చీర పక్కకు జరిపింది.

వేళ్ల సందుల్లోంచి కూడా గీకి చూసింది. తర్వాత నన్ను పిలిచి, ఒంటి కన్ను పెట్టి చూడమంది. చేతి పొట్టులో ఏమీ లేదు. కాలి పొట్టులో మాత్రం వరిగడ్డి పోచల్లా సన్నటి దారాలు, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

“గా దారాలు బూజు,” అంది. “రొట్టెకు పట్టినట్టు కాళ్లకు పట్టింది. చేతులల్ల బూజు లేదు. కాళ్లల్ల ఉన్నది నీ ఒంటికి పడ్తలేదు. ఒళ్లు కోపానికొచ్చి చేతుల మీద పొక్కులు లేపుతున్నది. ఎలర్జీ అంటం దాన్ని. కాళ్లు మానినయంటె చేతులు వాటంతట అవే మాన్తయి. గా మైలుతుత్తాలు, గంధకాలు బంద్ చెయ్యి.”

“మరి పిల్లను ఎత్తుకోవచ్చా అమ్మా?”

“చేతుల మీదిది ఎవ్వరికీ అంటదు. కాళ్లది అంటుతది, కాళ్లు పిల్లకు తగలనియ్యకు. చేతులు మంచిగ కడుక్కొని బరాబర్ ఎత్తుకో.”

నాకు అక్కడే ఏడుపొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆమె నీళ్లలో కలిపే ఊదారంగు పొడి, ఒక లేపనం ఇచ్చి, తడిలో నిలబడవద్దని మా ఆయనకు గట్టిగా చెప్పింది. అంతా అయిపోయిందనుకుని లేస్తుంటే నా కాళ్ల వంక చూసి ఆపింది.

“ఇవి తీయాలె.”

మట్టెలు. పెళ్లికి పత్తర్‌గట్టిలో కొన్నవి, లావు వెండివి, కాలికి రెండేసి. వాచిన కండలోకి దిగబడి ఉన్నాయి. “వీటి కిందనే తడి నిలుస్తున్నది. మందు అక్కడికి పోదు. మానినంక మళ్ల పెట్టుకో,” అంది డాక్టరమ్మ. ఆమెకు అది చాలా చిన్న సంగతి. మొగుడున్న ఆడది మట్టెలు తీయడమంటే మాలో ఏమిటో మీకు వేరే చెప్పాలా? అవి తీసేది ఒక్కనాడే, ఆ రోజు ఏ ఆడదానికీ రావద్దని మొక్కుకుంటాం.

దారిలో మా ఆయనను అడిగాను, “మీ అవ్వకు నువ్వు చెప్తవా?”

“నువ్వే చెప్పు.”

“నీకు నోరు లేదా?”

“ఉంది. అవ్వ ముంగట పనిజెయ్యది,” అన్నాడు. కోపంలోనూ నవ్వొచ్చింది.

ఆ నవ్వు ఇంటి గడప దాకే. విషయం వినగానే మా అత్త చేతిలోని చేట కింద పెట్టేసింది.

“పొక్కులు చేతుల మీదుంటె రోగం కాళ్లల్ల ఉందన్నదా? బోడిగుండుకు మోకాలుకు ముడివెడ్తున్నరు! గామెకు మన మట్టెల సంగతి ఏమెర్క?”

“అద్దంల నేను కండ్లార చూసిన అత్తా. మానినంక మళ్ల పెట్టుకుంట.”

“నా కొడుకును సంపుకుంటవా?” అంది. అరవలేదు. “ఉన్నది ఒక్కడే నాకు. నీ కాళ్ల మట్టెలు ఊడిననాడు నా పీనుగను చూస్తవ్, చెప్తున్న.”

ఆమె అట్లా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. మనిషి ముఖంలో నెత్తురు లేదు. మా ఆయన తల వంచుకుని బర్రెలకు కుడితి పెట్టడానికి పోయాడు. మహానుభావుడు!

ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది నా బతుకు. మట్టెలు ఉంచుకునే మందు పూశాను. ఊదారంగు నీళ్లలో కాళ్లు పెట్టి, గుడ్డతో ఒత్తి, ఎండ కాసినప్పుడల్లా గడపలో కాళ్లు చాపుకుని కూర్చున్నాను. కొట్టం కడగడం కూడా మా ఆయనే చేశాడు, అందుకు ఆయనను మెచ్చుకోవాలి. చివరి వేళ్ల సందులు ఆరాయి. మట్టెల కింద మాత్రం తెల్లగా, చీదరగా, వాసనతో అట్లాగే ఉంది. చేతుల మీద ఒక విడత పొక్కులు ఎండేలోగా ఇంకో విడత లేచేవి. రెండోసారి వెళ్తే డాక్టరమ్మ చేతుల వంక చూడనే లేదు. కాళ్లు చూసి, “తీసినంక రా,” అంది అంతే.

చేతులది అంటదని మా అత్తకు వందసార్లు చెప్పాను. దున్నపోతు మీద వాన. “పొక్కు ఒక్కటి లేకుంట చూపియ్యి, పిల్లను నీ ఒళ్లె ఏస్త,” అనేది. అప్పటికి మల్లి బోర్లా పడి తల ఎత్తుతోంది. నన్ను చూస్తే బోసి నోరు తెరిచి నవ్వి, చేతులు చాపేది. నేను గబుక్కున చేతులు వెనక్కి పెట్టుకునేదాన్ని. కొన్నాళ్లకు అది నాకే తెలియకుండా జరిగిపోయేది.

ఒక మధ్యాహ్నం మా అత్త పిల్లను మంచం మీద పడుకోబెట్టి నీళ్లకు నల్లా దగ్గరకు పోయింది. నేను మంచం పక్కనే నేల మీద కూర్చుని ఉన్నాను. మల్లి లేచింది. నన్ను చూసింది. నా వైపు ఒక పొర్లు పొర్లింది. ఇంకొక్కటి పొర్లితే మంచం అంచు. జానెడు దూరంలో ఉన్నాను నేను, చెయ్యి చాపితే చాలు.

నా చేతులు వెనక్కి పోయాయి.

పిల్ల ధబ్బున రాతిబండల మీద పడింది. ఒక్క క్షణం ఏడుపు రాలేదు, నోరు మాత్రం తెరుచుకుని ఉంది. తర్వాత ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి లేచింది. మా అత్త బిందె పారేసి పరిగెత్తుకొచ్చి ఎత్తుకుంది. నేను మాత్రం వీపు వెనక చేతులు కట్టుకుని అట్లాగే కూర్చుని ఉన్నాను. తల్లినా నేను? ఎదురుగా బిడ్డ పడిపోతుంటే చేతులు దాచుకున్న దాన్ని తల్లి అంటారా? ఆ రాత్రి నాకు మెతుకు దిగలేదు.

మర్నాడు తెల్లారకముందే మా ఆయన ఇబ్రహీంపట్నం వైపు వరిగడ్డికి లారీ మీద పోయాడు. పొద్దెక్కాక నేను వెండి పని చేసే అవుసలి లక్ష్మయ్య దుకాణానికి పోయి కాళ్లు చూపించాను. ఆయన చూసి చెంపలు వేసుకున్నాడు.

“ముత్తైదువ మట్టెలు నా చేతులతోని నేను తియ్య బిడ్డా. మీ అత్తను తోల్కరా, ఆమె తియ్యమంటె తీస్త.”

మా అత్తను తోలుకురావాలట! ఇంటికొచ్చి కొట్టంలో వేలాడుతున్న పట్కారు తీసుకుని వాకిట్లో కూర్చున్నాను. దొంగతనంగా తీయదలచుకోలేదు. మా అత్త గడపలో పిల్లను ఒళ్లో వేసుకుని కూర్చుని ఉంది. ఆమె ఎదురుగానే మొదటి మట్టె చివర పట్టుకుని విప్పాను.

“సక్కూ! వద్దే!”

“నా బిడ్డ నాకు కావాలె అత్తా,” అన్నాను.

వెండి మెత్తది గనక వంగింది, కండ మాత్రం వదల్లేదు. పళ్లు బిగబట్టి లాగాను. చర్మంతో పాటు వచ్చింది. నాలుగూ తీసేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. మట్టెలున్న చోట పాలిపోయిన కండ, దాని మీద నెత్తురు. మట్టెలను కొంగున ముడివేసుకుని తల ఎత్తాను. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. మా అత్త పిల్లతో లోపలికి పోయి తలుపు వేసుకుంది.

మధ్యాహ్నానికి రావలసిన లారీ రాలేదు. వానలకు రోడ్లు అట్లా ఉన్నాయి, ఆలస్యమవుతుందిలే అనుకున్నాను. కాళ్లు ఎండలో పెట్టుకుని కూర్చున్నాను గానీ మనసు నిలవలేదు. ఎండ గోడ ఎక్కుతుండగా పక్క కొట్టం సీతారాం సైకిల్ మీద వచ్చాడు. దిగకుండానే అరిచాడు.

“ఆగవ్వా! గడ్డి లారీ తుక్కుగూడ అవతల చెర్వు కట్ట మీద బోల్తపడ్డదంట! మన లారీయేనంట. మనుషుల సంగతి ఎర్కలే, నేను పోతున్న!”

తలుపు తెరుచుకుంది. మా అత్త పిల్లను చాప మీద పెట్టి నా దగ్గరకు వచ్చింది. చంపుతుందనే అనుకున్నాను. ఆమె నా ముందు కూలబడి నా రెండు పాదాలూ పట్టుకుంది. నా చేతులను చూస్తేనే జరిగిపోయే మనిషి, నెత్తురు కారుతున్న ఆ కాళ్లను ఒట్టి చేతులతో పట్టుకుంది.

“పెట్టుకోవే. ఇప్పుడన్న పెట్టుకో. నీ కాళ్లు మొక్కుత బిడ్డా, పెట్టుకో.”

నేను ధైర్యవంతురాలినని చెప్పుకోను. లారీ మాట వినగానే నా ధైర్యమంతా నీరుగారిపోయింది. డాక్టరమ్మ మాటలు, గాజుపలక, దారాలు, ఏవీ గుర్తురాలేదు. మా ఆయన ముఖమే కనబడింది. కొంగు ముడి విప్పి మట్టెలు ఆమె చేతిలో పెట్టాను. ఆమె వేలికి ఎక్కించబోయింది. ఎక్కలేదు. వెండి వంకర పోయింది, కండ పొంగింది. ఆమె నొక్కింది, నేను కూడా నొక్కాను. ఇద్దరి వేళ్లూ నెత్తురయ్యాయి. లోపల పిల్ల ఏడుస్తోంది, మేమిద్దరం వినిపించుకునే స్థితిలో లేము. “ఎక్కుతలేదు అత్తా, ఎక్కుతలేదు,” అని నేను, “ఎక్కాలె, ఎక్కాలె,” అని ఆమె. ఎంతసేపు అట్లా కొట్లాడామో తెలియదు.

దీపాలు పెట్టే వేళకు రోడ్డు మీద ఏదో టెంపో ఆగింది. మా ఆయన దిగాడు. చొక్కా చిరిగింది, జుట్టు నిండా గడ్డి, ఒక కాలు ఈడుస్తున్నాడు. వెనక సీతారాం సైకిల్ నడిపించుకుంటూ వస్తున్నాడు.

“ఏం కాలే, ఏం కాలే,” అంటున్నాడు మా ఆయన దూరం నుంచే. “గడ్డి మీద కూసున్న. లారీ ఒరిగితే గడ్డితోని కలిసి కట్ట కింద పడ్డ. డ్రైవర్‌కు చెయ్యి ఇరిగింది, గంతే. అవ్వా, గట్ల చూస్తవేంది?”

మా అత్త లేచి వెళ్లి ఆయన ముఖం తడిమింది, రొమ్ము తడిమింది. తర్వాత వెనక్కి తిరిగి నా కాళ్ల వంక చూసింది. ఒట్టి కాళ్లు. ఒక్క మట్టె కూడా ఎక్కలేదు.

“లారీ బోల్తపడ్డది,” అంది, ఎవరికో లెక్క అప్పజెప్పినట్టు మెల్లగా. “దీని కాళ్లకు మట్టెలు లేవు. అయినా నువ్వొచ్చినవ్.”

“రాక ఏడికి పోత అవ్వా?”

“నేను గూడ తీసిన్రా.” మా అత్త అక్కడే వాకిట్లో కూర్చుండిపోయింది. “నువ్వు కడుపుల ఉన్నప్పుడు కాళ్లకు నీరొచ్చింది. మట్టెలు కోసుకపోతుంటె ఓర్వలేక, ఎవ్వరికి చెప్పకుండ తీసి గింజల కుండల దాసిన. గా నెలనే మీ బాపు మీద బావిల మట్టి పెళ్ల పడ్డది. మా అత్త కుండల మట్టెలు చూసి, నువ్వే మింగినవ్ నా కొడుకును అన్నది. నిజమే అనుకున్న. ఇన్నేండ్లు నేనే మింగిన అనుకున్న.”

లోపల మల్లి గుక్కపట్టి ఏడుస్తోంది. మా అత్త లేచింది. తొట్టి దగ్గర చేతులు కడుక్కుని, నా చేతుల మీద కూడా చెంబుతో నీళ్లు పోసి, తన కొంగుతోనే తుడిచింది. లోపలికి పోయి పిల్లను తెచ్చింది.

“పట్టుకో.”

“పొక్కులు ఇంక మానలే అత్తా.”

“అంటదని డాక్టరమ్మ చెప్పిందంటివి గదా. పట్టుకో.”

పట్టుకున్నాను. పిల్ల బరువు పెరిగింది, నా చేతులకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. మల్లి ఏడుపు ఆపి నా మెడలోని పుస్తెలు పట్టుకుని లాగింది. కాళ్లు ఆరడానికి, ఆ వెనకే చేతులు మానడానికి ఇంకో నెల పట్టిందనుకుంటాను. ఆ సాయంత్రం తర్వాత నేను వాటి గురించి పెద్దగా ఆలోచించలేదు.

కొట్టం గుంజకు ఆనుకుని మా అత్త ఏడవడం మొదలుపెట్టింది. మొదట సన్నగా, తర్వాత రొమ్ము కొట్టుకుంటూ. అవ్వ ఏడవడం తానెప్పుడూ చూడలేదని మా ఆయన తర్వాత చెప్పాడు. మామ పోయిననాడు కూడా ఆమె కంట్లోంచి చుక్క రాలలేదని, రాతిగుండెదని వాడలో అనుకునేవాళ్లట. తానే చంపుకున్నాననుకునే మనిషి కోసం ఏ ముఖంతో ఏడుస్తుంది? గొంతు చించుకుని అరుస్తుంటే పక్క కొట్టాల వాళ్లు పరిగెత్తుకొచ్చారు. పెంటయ్యకే ఏదో అయిందనుకున్నారు.

“నా మొగడు సచ్చిపాయెనే సక్కూ,” అంటోంది, ఆయన ఆ రోజే పోయినట్టు. “నా మొగడు సచ్చిపాయెనే.”

నేను పిల్లను ఎత్తుకునే వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.